విచారణ బడి చరిత్ర రాస్తున్నాము: తెలుగు తరగతుల జాడ ఎక్కడ వెతకాలి?

పెరంబూరు పూర్వ విద్యార్థి:
అందరికీ నమస్కారం. చెన్నై పెరంబూరు ప్రాంతంలో అక్కడి కథోలిక విచారణ (ఒక గుడి పరిధిలోని క్రైస్తవ సమాజం, పారిష్) ఆధ్వర్యంలో నడుస్తున్న ప్రాథమిక పాఠశాలకు ఒక చరిత్ర పుస్తకం తీసుకురావాలని విచారణ సంఘం నిర్ణయించి, రాసే బాధ్యతను కొందరు పూర్వ విద్యార్థులకు అప్పగించింది. వారిలో నేనొకడిని. ఇప్పటికి మా చేతిలో ఉన్నది ఒకే ఒక పుట. శంకుస్థాపన ఎవరు చేశారు, మేడ ఎప్పుడు లేచింది, ఏ గురువుల (గుడి ఫాదర్ల) కాలంలో ఏ గది చేరింది అన్న వివరాలు అందులో వరుసగా ఉన్నాయి. అక్కడ చదివిన పిల్లల గురించి గానీ, చదువు చెప్పిన పంతుళ్ళ గురించి గానీ ఒక్క వాక్యం లేదు.

మా అమ్మ తరమూ నా తరమూ ఆ బడిలోనే ఒకటి నుంచి ఐదు వరకు తెలుగు మాధ్యమంలో చదువుకున్నాము. పిల్లలు తగ్గిపోయి ఆ తరగతులు ఎప్పుడో మూతపడ్డాయి. అవి ఉండేవన్న సంగతి ఇప్పటి ఉపాధ్యాయుల్లో చాలామందికి తెలియదు. మా బృందంలో కొందరు పెద్దలు ఈ విషయాన్ని ఒక పేరాలో ముగించవచ్చునంటున్నారు. నాకు మనసు ఒప్పడం లేదు. బడి మొదలైన సంవత్సరం ఖచ్చితంగా తేల్చుకోవడానికి, తెలుగు తరగతుల ఆనవాళ్ళు పట్టుకోవడానికి ఏయే కాగితాలు చూడాలో, ఏ క్రమంలో చూడాలో తెలిసినవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

జార్జిటౌన్ వాసి:
మంచి పని తలపెట్టారు. మీ బడి ఏ పరంపరలోదో ముందు నిర్ణయించుకుంటే వెతకవలసిన చోటు సగం తేలిపోతుంది, ఎందుకంటే మద్రాసులో కథోలిక విద్యకు ఒకటి కాదు, రెండు మూడు పాయలున్నాయి.

మొదటి పాయ సెయింట్ జార్జి కోటలో మొదలైంది. ఫ్రాన్సు దేశపు కపూచిన్ సభకు చెందిన ఫాదర్ ఎఫ్రేమ్ 1642లో బర్మాలోని పెగూకు వెళ్తూ మద్రాసులో ఆగినప్పుడు, ఇంగ్లీషు కంపెనీవారు ఆయనను ఇక్కడే ఉండిపొమ్మని కోరారు. కోటలోని పోర్చుగీసు, మిశ్రమ సంతతి కుటుంబాలకు ఆయన గురువుగా ఉంటూనే పిల్లలను కూర్చోబెట్టి చదువు చెప్పారు. మద్రాసులో పాఠశాల చరిత్ర ఎవరు రాసినా అక్కడి నుంచే ఎత్తుకుంటారు. 1746లో ఫ్రెంచివారు మద్రాసును పట్టుకుని 1749లో తిరిగి ఇచ్చాక, కథోలిక గురువులు శత్రువుకు సాయం చేశారన్న అనుమానంతో ఇంగ్లీషువారు కోటలోని వారి గుడిని పడగొట్టించారు. అప్పటి నుంచి ఆ కేంద్రం ఇప్పటి ఆర్మేనియన్ వీధికి మారింది. మంగళవారం అంతోనివారి గుడికి వెళ్ళే ఉత్తర చెన్నై తెలుగువారందరికీ ఆ ఆవరణ బాగా తెలుసు. ఐర్లండు దేశస్థుడైన డేనియల్ ఓకానర్ పీఠాధిపతిగా (బిషప్పుగా) ఉన్న కాలంలో, 1839లో, సెయింట్ మేరీస్ పాఠశాల అక్కడే పుట్టింది. 1842లో ఐర్లండు నుంచి ప్రెజెంటేషన్ సభ కన్యస్త్రీలు ఓడలో వచ్చి జార్జిటౌన్‌లో బాలికలకు బడి తెరిచారు.

ఇవన్నీ మొదట్లో ఇంగ్లీషు మాట్లాడే కథోలికుల కోసం, ముఖ్యంగా కంపెనీ సైన్యంలోని ఐరిష్ సిపాయిల పిల్లల కోసం, అనాథల కోసం వచ్చిన సంస్థలు. మీ బడి వంటి విచారణ బడులు మరో పాయకు చెందినవి: గుడి పక్కన తాటాకుల పందిరి, ఒక ఉపదేశి (మత పాఠాలు చెప్పే గృహస్థు), పలకలు, సాయంత్రం జపాలు. పెద్ద కాన్వెంట్లకు అచ్చయిన చరిత్రలున్నాయి, ఈ పందిరి బడులకు లేవు. కనుక ప్రెజెంటేషన్ మఠం చరిత్రను నమూనాగా పెట్టుకోకండి. అలా చేస్తే మళ్ళీ మేడలూ శంకుస్థాపనలే మిగులుతాయి.

పాత దస్తావేజులు:
జార్జిటౌన్ వాసి గారు చెప్పిన పాయలకు అధికార పరిధి సంగతి కలపాలి, ఎందుకంటే కాగితాలు ఎక్కడున్నాయన్నది దాని మీదే ఆధారపడుతుంది. మైలాపూరు శాంతోము పీఠం (ఒక బిషప్పు పాలనలోని ప్రాంతం) 1606లో పోర్చుగీసు రాజు పోషణాధికారం కింద, అంటే అక్కడి చర్చి వ్యవహారాలపై ఆ రాజుకున్న హక్కు కింద, ఏర్పడింది. 1832లో రోము నేరుగా మద్రాసుకు మరో పాలనా పరిధిని ఏర్పరచింది. 1886లో అది అగ్రపీఠమైంది (ఆర్చ్‌బిషప్పు పీఠం). ఈ రెండూ 1952 నవంబరులో ఒకటయ్యేదాకా ఒకే పట్టణంలో, కొన్నిచోట్ల పక్కపక్క వీధుల్లో, ఇద్దరు వేర్వేరు పీఠాధిపతుల కింద విచారణలు నడిచాయి. ఒక విచారణ తన పక్కన బడి పెడితే రెండోది ఊరుకునేది కాదు. ఉత్తర మద్రాసులో కొన్నిచోట్ల అతి దగ్గరలో రెండు కథోలిక బడులు ఎందుకున్నాయని అడిగేవారికి నేను ఈ సంగతే చెబుతాను.

మీ విచారణ 1952కు ముందు ఎవరి పరిధిలో ఉండేదో ముందు తెలుసుకోండి. మైలాపూరు వైపుదైతే పాత ఉత్తరాల్లో పోర్చుగీసు కనిపిస్తుంది. మద్రాసు వైపుదైతే లాటిను, ఇంగ్లీషు ఉంటాయి. జ్ఞానస్నానపు పుస్తకాలు మాత్రం చాలావరకు లాటినులో ఉంటాయి. అందులో పెత్రుస్ అని ఉన్న బిడ్డే బడి రిజిస్టరులో రాయప్ప, పౌలుస్ చిన్నప్ప, ఇగ్నాతియుస్ ఇన్నయ్య. ఇది తెలియకపోతే ఒకే పిల్లవాడిని ఇద్దరిగా లెక్కించే ప్రమాదం ఉంది.

తెలుగువారికి సంబంధించి మరొక మాట. నెల్లూరు పీఠం 1928లో, గుంటూరు పీఠం 1940లో ఏర్పడ్డాయి. అంతకు ముందు ఆ జిల్లాల కథోలిక వ్యవహారమంతా మద్రాసు అగ్రపీఠం నుంచే సాగేది. అందువల్ల గుంటూరు సీమ నుంచి పట్టణానికి వచ్చిన కుటుంబం పీఠం మారలేదు, విచారణ మాత్రమే మారింది. వారి పాత ఊరి గురువులు ఇచ్చిన పరిచయ పత్రాలు ఇక్కడి విచారణ పెట్టెల్లో మిగిలి ఉండే అవకాశం ఉంది. ఆ పెట్టె తెరిపించండి.

కీలచ్చేరి ఆడపడుచు:
ఈ చర్చలో ఒక పేరు ఇంకా రాకపోవడం నాకు బాధ కలిగించింది, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను. మద్రాసు పరిసరాల్లో తెలుగు కథోలిక విద్య గురించి ఎవరు మాట్లాడినా మదర్ జ్ఞానమ్మ గారిని తలచుకోకుండా ముందుకు పోకూడదు.

కీలచ్చేరి ఇప్పటి తిరువళ్ళూరు జిల్లాలో, చెన్నైకి పడమరగా ఉన్న గ్రామం. తెలుగు నేల నుంచి వలస వచ్చిన కథోలిక కుటుంబాలు అక్కడ స్థిరపడి, చుట్టూ తమిళం ఉన్నా ఇంట్లో తెలుగునూ, గుడిలో తెలుగు జపాలనూ నిలబెట్టుకున్నాయి. ఆ కుటుంబాల విశ్వాసానికి మూలం పద్దెనిమిదవ శతాబ్దపు తొలి ఏళ్ళలో ఫ్రెంచి యేసుసభ (జెసూట్) గురువులు ప్రారంభించిన కర్నాటక మిషను. 1773లో యేసుసభ రద్దయ్యాక కూడా, గురువులు అరుదుగా వచ్చే రోజుల్లో, ఉపదేశులూ ఇంటి పెద్దలూ ఆ విశ్వాసాన్ని కాపాడారు.

తాటిపత్రి జ్ఞానమ్మ గారు 1822లో గుంటూరు సీమలో పుట్టారు. ఐదుగురు కొడుకుల తల్లి. భర్త పోయాక కీలచ్చేరి వచ్చి, 1863లో అక్కడ ఆడపిల్లల కోసం బడి తెరిచారు. ఆ సంవత్సరాన్ని ఒక్కసారి నిలబడి ఆలోచించండి. ఆడపిల్లల చదువుకు సర్కారు సహాయం ఇవ్వాలని ఉడ్ దొర పత్రం చెప్పింది 1854లో. పల్లెల్లో దాని ఊసే లేని రోజులవి. అటువంటప్పుడు ఒక వితంతువు, విదేశీ మఠం నుంచి వచ్చినది కాదు, ధనికురాలు కాదు, మన ఇళ్ళలోని అమ్మమ్మ వంటి తెలుగు మనిషి, పల్లెలో ఆడపిల్లలను ఇంటి నుంచి పిలిపించి అక్షరాలు దిద్దించింది. ఆమెతో చేరిన స్త్రీలతోనే సెయింట్ ఆన్స్ కన్యస్త్రీల సభ రూపుదిద్దుకుంది. ఇప్పుడు మద్రాసు సెయింట్ ఆన్స్ అనీ, ఫిరంగిపురం సెయింట్ ఆన్స్ అనీ ఉన్న రెండు సభలూ ఆమెనే స్థాపకురాలిగా గౌరవిస్తాయి. 1874 డిసెంబరులో ఆమె కన్నుమూశారు. 2014లో ఆమెను దైవ సేవకురాలిగా (పునీతురాలిగా ప్రకటించే దారిలో మొదటి మెట్టు) ప్రకటించారు.

ఐర్లండు నుంచి వచ్చిన సిస్టర్ల చరిత్రకు ఎంతో విలువ ఉంది, దాన్ని తగ్గించడం నా ఉద్దేశం కాదు. కానీ బడులన్నీ దొరలు తెచ్చిపెట్టినవేనన్నట్టు మన పిల్లలకు చెప్పడం న్యాయం కాదు. మీ బడిలో చదువు చెప్పిన కన్యస్త్రీలు ఏ సభవారో దయచేసి కనుక్కోండి. వారు సెయింట్ ఆన్స్ సభవారైతే మీ చరిత్ర పెరంబూరులో కాదు, కీలచ్చేరిలో మొదలవుతుంది.

విశ్రాంత ఉపాధ్యాయురాలు:
నేను ఒక ఎయిడెడ్ ప్రాథమిక పాఠశాలలో చాలాకాలం పనిచేసి పదవీ విరమణ చేశాను. గుడి కాగితాల సంగతి పెద్దలు చెప్పారు కనుక, బడి బీరువాలో ఏముంటుందో నేను చెబుతాను.

అన్నిటికంటే విలువైనది అడ్మిషన్ రిజిస్టరు. పాతబడినా దీన్ని పారవేయరు, ఎందుకంటే పుట్టిన తేదీ కోసం, కుల ధ్రువపత్రం కోసం, పింఛను కోసం ముసలివారు కూడా ఏళ్ళ తర్వాత వచ్చి అడుగుతారు. అందులో పిల్లవాడి పేరు, తండ్రి లేదా సంరక్షకుడి పేరు, వృత్తి, ఇంటి చిరునామా, మతం, కులం, మాతృభాష, చేరిన తేదీ, చేరిన తరగతి, విడిచిన తేదీ, విడిచిన కారణం ఉంటాయి. మాతృభాష గడి ఒక్కటే చాలు, మీ తెలుగు తరగతుల కథ ఏ సంవత్సరంలో పెరిగిందో, ఏ సంవత్సరంలో తరిగిందో బయటపడడానికి. పుట్టిన తేదీలను మాత్రం పూర్తిగా నమ్మకండి. కుడిచేయి తల మీదుగా ఎడమ చెవిని అందుకుంటే ఐదేళ్ళు నిండినట్టేనని చేర్చుకున్న రోజులవి. చేరే వయసుకు సరిపోయేలా జూన్ నెలలో ఏదో ఒక తేదీ వేసేవారు.

రెండవది తనిఖీ అధికారుల వ్యాఖ్యలు రాసే పుస్తకం. పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశకాల్లో ఫలితాలను బట్టి గ్రాంటు ఇచ్చే పద్ధతి ఉండేది. తనిఖీదారు వచ్చి ఒక్కొక్క పిల్లవాడిని చదివించి, రాయించి, లెక్క చేయించి, ఉత్తీర్ణులైనవారి లెక్కన బడికి డబ్బు మంజూరు చేసేవాడు. మీ బడి అంత పాతదైతే ఆ పుస్తకంలో ఏ భాషలో పరీక్ష జరిగిందో ఉండే అవకాశం ఉంది. గ్రాంటు కోసం పంపిన అర్జీల ప్రతులు, ఎగ్మూరులోని తమిళనాడు రాష్ట్ర అభిలేఖాగారంలో ఉన్న విద్యాశాఖ నివేదికలు, ఈ రెండిటినీ సరిచూసుకుంటే స్థాపన సంవత్సరం దాదాపు తేలుతుంది. గుర్తుంచుకోండి, బడి మొదలైన సంవత్సరం వేరు, ప్రభుత్వ గుర్తింపు వచ్చిన సంవత్సరం వేరు, ఇప్పటి భవనం కట్టిన సంవత్సరం వేరు. చాలా బడుల చరిత్రల్లో ఈ మూడూ కలిసిపోయి ఉంటాయి.

మూడవది భోజనం లెక్కలు. 1920లో పిట్టి త్యాగరాయ శెట్టి గారు అధ్యక్షులుగా ఉన్న మద్రాసు కార్పొరేషన్, థౌజండ్ లైట్స్‌లోని తన బడిలో మధ్యాహ్నం తిండి పెట్టడం మొదలుపెట్టింది. పిల్లవాడికి రోజుకు ఒక అణాకు మించకూడదన్నది నియమం. ఆ ఏర్పాటు ఇతర కార్పొరేషన్ బడులకూ పాకింది. పక్కన అన్నం పెట్టే బడి ఉంటే కూలివారి పిల్లలు ఎటు వెళ్తారో వేరే చెప్పనక్కరలేదు. మీ రిజిస్టరులో 1920ల తర్వాత ‘కార్పొరేషన్ బడికి వెళ్ళాడు’ అన్న కారణం కనిపిస్తే దాని వెనుక ఆకలి ఉందని గ్రహించండి. 1956లో కామరాజ్ గారి ప్రభుత్వం భోజన పథకాన్ని రాష్ట్రమంతటా తెచ్చిన తర్వాత హాజరు ఎలా మారిందో కూడా చూడండి.

పెరంబూరు పూర్వ విద్యార్థి:
మీరందరూ ఇచ్చిన సమాచారానికి కృతజ్ఞతలు. హెచ్.ఎం. సిస్టర్ గారి అనుమతితో బీరువా తెరిచాము. పాత అడ్మిషన్ రిజిస్టర్లు కొన్ని చెదలు పట్టి అంచులు పోయినా, లోపలి గళ్ళు చదవడానికి వీలుగానే ఉన్నాయి. తండ్రి వృత్తి అన్న గడిలో మళ్ళీ మళ్ళీ కనిపిస్తున్నవి మిల్లు, రైల్వే వర్క్‌షాపు, హమాలీ, కార్పొరేషన్ పారిశుధ్యం. మాతృభాష గడిలో తెలుగు అని ఉన్న పిల్లల్లో చాలామంది హిందువులు. కథోలిక బడి కనుక కథోలిక పిల్లలే ఉండి ఉంటారని మా బృందం ఇంతవరకు అనుకుంటూ వచ్చింది.

కన్యస్త్రీల సభ విషయం విచారిస్తున్నాము. అంతకు ముందు కాలంలో చదువు చెప్పినవారు గృహస్థులైన ఉపదేశులు అని జీతాల పుస్తకం చెబుతోంది. జీతం పక్కన వేలిముద్ర కాదు, చక్కటి తెలుగు సంతకాలున్నాయి.

వ్యాసర్పాడి మిత్రుడు:
వృత్తి గడి చూశారు, సంతోషం. కులం గడి కూడా చూడండి. మా తాతగారు అటువంటి బడిలోనే చదివారు. ఇతర బడులు చేర్చుకోని రోజుల్లో చేర్చుకున్నది గుడి బడేనని ఆయన చివరిదాకా కృతజ్ఞతతో చెప్పేవారు. అయితే అదే గుడిలో పూజ వేళ ఎవరు ఎక్కడ కూర్చోవాలన్న కట్టుబాటు ఉండేదని కూడా ఆయనే చెప్పేవారు. బల్ల మీద కలిపి కూర్చోబెట్టిన సంగతీ, గుడిలో విడిగా కూర్చోబెట్టిన సంగతీ రెండూ నిజాలే. పండుగ సంచిక అనే పేరుతో ఒకదాన్ని ఉంచి మరొకదాన్ని తీసేస్తే, చేర్చుకున్న గొప్పతనం కూడా అర్థం కాకుండా పోతుంది.

జార్జిటౌన్ వాసి:
మిత్రుని మాట సరైనదే గాని, రిజిస్టరులోని పేర్లను కులంతో సహా అచ్చువేయడం తగదు. ఆ పిల్లల మనవలు ఇప్పుడు అదే వీధుల్లో ఉంటున్నారు. సంవత్సరాల వారీగా ఎంతమంది ఏ వర్గం నుంచి, ఏ వృత్తి ఇళ్ళ నుంచి వచ్చారో లెక్క కట్టి పట్టికగా ఇవ్వండి, పేర్లు అక్కరలేదు. పేరుతో రాయవలసిన చోట ఆ కుటుంబాన్ని అడిగి రాయండి.

వ్యాసర్పాడి మిత్రుడు:
నేను కోరేదీ అదే. పేర్లు కాదు, లెక్క బయటకు రావాలి. ఒక్క మినహాయింపు: ఉపదేశుల పేర్లు మాత్రం తప్పక వేయండి. శంకుస్థాపన రాయి మీద వారి పేరు ఎవరూ చెక్కలేదు.

పాత దస్తావేజులు:
తెలుగు తరగతులు ఎందుకు మూతపడ్డాయన్న ప్రశ్నకు తొందరపడి ఒకే కారణం రాయకండి. నాకు తోచిన క్రమం ఇది. మీ ప్రాంతానికి తెలుగు కూలీలను రప్పించినవి రైల్వే వర్క్‌షాపు, 1870లలో మొదలైన బకింగ్‌హామ్ మిల్లు, 1880లలో వచ్చిన కర్నాటిక్ మిల్లు. పిల్లల సంఖ్య మిల్లు గంటతో ముడిపడి ఉంది. 1921లో నెలల తరబడి సాగిన సమ్మె కాలంలో హాజరు పుస్తకం ఎలా ఉందో చూస్తే ఆ ముడి ఎంత బిగువో తెలుస్తుంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి మద్రాసు పట్టణం ఇటే మిగిలినప్పుడు కొన్ని ఉద్యోగ కుటుంబాలు అటు వెళ్ళాయి. మిల్లు కుటుంబాలు వెళ్ళలేదు, వెళ్ళే వీలూ వారికి లేదు. 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పించాలని చెప్పింది కనుక, కాగితం మీద ఆ తరగతులకు రక్షణ ఉంది. అయితే 1970ల తర్వాత మెట్రిక్యులేషన్ బడులు (ప్రైవేటు ఇంగ్లీషు మాధ్యమ బడులు) వీధి వీధికీ రావడంతో తల్లిదండ్రుల చూపు ఇంగ్లీషు వైపు తిరిగింది. మిల్లులు 1996లో మూతపడ్డాయి. 2006లో తమిళాన్ని ఒకటవ తరగతి నుంచి ఏడాదికో తరగతి చొప్పున తప్పనిసరి చేసే చట్టం వచ్చింది. మీ తెలుగు తరగతులు ఈ చివరి చట్టానికి ముందే ఆగిపోయి ఉంటే, ఆ నేరాన్ని చట్టం మీద వేయడం సరికాదు.

కీలచ్చేరి ఆడపడుచు:
చట్టానికి ముందే బలహీనపడ్డాయన్న మాటను ఒప్పుకుంటాను. కానీ తల్లిదండ్రుల మీదే భారం వేయడం కూడా నాకు ఇష్టం లేదు. ఐదో తరగతి తర్వాత తెలుగులో చదువు కొనసాగించడానికి నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్నత పాఠశాల లేకపోతే, ముందుచూపు ఉన్న ఏ తల్లి అయినా ఒకటో తరగతిలోనే మరో మాధ్యమం ఎంచుకుంటుంది. విడిచిన కారణం అన్న గడిలో ఐదు పూర్తిచేసినవారు తర్వాత ఎక్కడ చేరారో వెతకండి, ముఖ్యంగా ఆడపిల్లలు. ఐదుతో ఆగిపోయిన ఆడపిల్లల సంఖ్య ఈ పుస్తకంలో రావాలని నా మనవి.

విశ్రాంత ఉపాధ్యాయురాలు:
ఆ గడిలో ఆడపిల్లల ఎదురుగా తరచుగా ‘ఇంటి పని’ అనో, ఏమీ రాయకుండా ఖాళీగానో ఉంటుంది. ఖాళీలను కూడా లెక్కించండి. ఇంకొక సూచన: డెబ్భై దాటిన పూర్వ విద్యార్థినులను ఇప్పుడే కలవండి. బడి గొప్పదనం గురించి అడగకండి. ఏ పంతులమ్మ ఏ పాఠం ఎలా చెప్పేది, పలక ఎక్కడ కొనేవారు, జ్ఞానోపదేశం (కథోలిక మత పాఠం) వేళ కథోలికేతర పిల్లలు ఏం చేసేవారు అని అడగండి. అప్పుడు మాటలు వస్తాయి.

పెరంబూరు పూర్వ విద్యార్థి:
మా అమ్మను ఈ ప్రశ్నలే అడిగాను. జ్ఞానోపదేశం వేళ హిందూ పిల్లలకు నీతికథల పాఠం ఉండేదనీ, తాను మాత్రం కిటికీ దగ్గర కూర్చుని పక్క గదిలోని జపాలన్నీ నేర్చుకున్నాననీ చెప్పింది. ఆమెకు ఇప్పటికీ పరలోక జపం తెలుగులో కంఠతా వచ్చు. మేము కథోలికులం కాము; అయినా ఈ పుస్తకం మాది కూడా అని నేను సంఘానికి చెప్పగలుగుతున్నది ఇందువల్లనే.

మా బృందంలో ఒప్పందం కుదిరింది. తెలుగు తరగతులకు ఒక పేరా కాదు, పూర్తి అధ్యాయం కేటాయిస్తారు. మాతృభాష, వృత్తి, విడిచిన కారణం అనే మూడు గళ్ళనూ సంవత్సరాల వారీగా లెక్క కట్టే పని ఇద్దరు కళాశాల విద్యార్థులు తీసుకున్నారు. ఉపదేశుల పేర్లను జీతాల పుస్తకం నుంచి ఎత్తి రాస్తున్నాను. విచారణ పెట్టె కూడా తెరిచాము: 1952కు ముందటి ఉత్తరాల్లో లాటినూ, ఇంగ్లీషూ కనిపిస్తున్నాయి, పోర్చుగీసు లేదు. లాటిను చదవగలవారు మాకు కావాలి.

పాత దస్తావేజులు:
అయితే మీది మద్రాసు వైపు విచారణే అయి ఉంటుంది. జ్ఞానస్నానపు పుస్తకాలను ఫోటోలు తీసేటప్పుడు ఫ్లాష్ వాడకండి, అతుక్కున్న పుటలను బలవంతంగా విడదీయకండి. లాటిను నేను చదువుతాను. ఆదివారం రెండో పూజ తర్వాత విచారణ కార్యాలయానికి వస్తాను. పెట్టెలోని ఉత్తరాలను ఉన్న వరుసలోనే ఉంచండి, తేదీల ప్రకారం సర్దవద్దు.

కీలచ్చేరి ఆడపడుచు:
నేనూ వస్తాను. సెయింట్ ఆన్స్ సభ మఠంలో పనిచేసిన పెద్ద సిస్టర్ల బదిలీల వివరాలు దొరుకుతాయేమో ఈ లోపల అడిగి ఉంచుతాను. మీ జీతాల పుస్తకంలో కన్యస్త్రీల పేర్లు మొదటిసారి ఏ సంవత్సరంలో వచ్చాయో ముందుగా ఇక్కడ రాయండి. ఆ సంవత్సరం చేతిలో ఉంటేనే వారు తమ పుస్తకాల్లో వెతకగలుగుతారు.